చెన్నైలో హాలు మేనేజర్ కావాలంటే: ఏం నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి డిగ్రీ పట్టుకుని చెన్నైలో దిగే పిల్లలకు ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంటే తెలుసు. హాలు మేనేజ్‌మెంట్ అని ఇంకో ఉద్యోగం ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. ఈవెంట్ వాళ్ళు వస్తారు, స్టేజీ కడతారు, లైట్లు వేస్తారు, అన్నీ ఊడదీసుకుని పోతారు. మీరు పోరు. రాత్రి పన్నెండుకి వాళ్ళు ఖాళీ చేసిన హాలుని పొద్దున ఆరుకి ఇంకో పార్టీకి అప్పగించాలి. కన్వెన్షన్ సెంటరైనా, కల్యాణమండపమైనా, స్టేడియమైనా పని ఇదే.

ఇందులో మీరు అమ్మే సరుకు తేదీ. ఫలానా శుక్రవారం ఎవరూ తీసుకోకపోతే అది పోయినట్టే, నిల్వ పెట్టుకుని తర్వాత అమ్మలేరు. జీతాలు, కరెంటు, బ్యాంకు వడ్డీ మాత్రం ఆ రోజుకి కూడా కట్టాలి. అలాగని ఒకే తేదీని ఇద్దరికి ఆశపెట్టినా, హాలు పట్టనంత మందికి ఒప్పుకున్నా ఉద్యోగమే కాదు, ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. ఆశకీ హద్దుకీ మధ్య నిలబడి లెక్క చెప్పగలిగితే ఈ రంగంలో నిలదొక్కుకుంటారు.

ముందు ఎలాంటి హాలో తేల్చుకోండి

చెన్నైలో హాళ్ళు నాలుగైదు రకాలు. నందంబాక్కంలోని చెన్నై ట్రేడ్ సెంటర్ ఎగ్జిబిషన్లకు పెద్ద దిక్కు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐటీపీఓ, రాష్ట్ర సంస్థ టిడ్కో కలిసి పెట్టిన టీఎన్‌టీపీఓ దాన్ని నడుపుతుంది. అంబత్తూరు పారిశ్రామికవేత్తల సంఘం జరిపే ఏక్మీ యంత్రాల ప్రదర్శన దగ్గర నుంచి 2024 జనవరిలో జరిగిన గ్లోబల్ ఇన్వెస్టర్స్ మీట్ దాకా అక్కడే. స్టార్ హోటళ్ళ బాంక్వెట్ హాళ్ళు రెండో రకం. టీనగర్, మైలాపూర్‌లలో కచేరీలు పెట్టే సంగీత సభల హాళ్ళు మూడో రకం. వాటిలో వాణీ మహల్‌ని నడిపే సభకి మన చిత్తూరు నాగయ్య గారే పునాది వేశారని ఇక్కడి తెలుగువాళ్ళకే చాలామందికి గుర్తులేదు. ఇక వడపళని నుంచి తాంబరం దాకా లెక్కలేనన్ని కల్యాణమండపాలు. వీటికి తోడు నెహ్రూ స్టేడియం, కలైవాణర్ అరంగం లాంటి ప్రభుత్వ వేదికలు, జనవరిలో పుస్తక ప్రదర్శన జరిగే నందనం వైఎంసీఏ మైదానం లాంటి ఖాళీ జాగాలు.

అందరూ మొదట స్టార్ హోటల్ కేసే చూస్తారు. నా అభిప్రాయం వేరు. హోటల్లో మీకు ఒక ముక్కే చేతికొస్తుంది: కుర్చీలు వేయించడమో, బఫే చూసుకోవడమో. జనరేటర్ గది తాళం మీ చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఒక మోస్తరు కల్యాణమండపంలోనో సభలోనో చేరితే మొదటి నెలలోనే బుకింగ్ రిజిస్టరు, నీళ్ళ లారీ, ఏసీ మెకానిక్, పోలీస్ స్టేషన్, గొడవపడే పెళ్ళివారు అన్నీ మీ మీద పడతాయి. జీతం తక్కువే. అయినా ఒకటి రెండేళ్ళు అక్కడ నలిగి తర్వాత పెద్ద సెంటర్‌కి మారినవాళ్ళు మిగతావాళ్ళ కంటే త్వరగా పైకొస్తారు.

చదువు సంగతి

ఈ పనికంటూ తప్పనిసరి డిగ్రీ ఏదీ లేదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివితే దారి కాస్త సులువు: ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాసి తరమణిలోని ఐహెచ్ఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్)లో చేరవచ్చు. టూరిజం వైపు వెళ్ళాలంటే కేంద్ర ప్రభుత్వ టూరిజం విద్యాసంస్థ ఐఐటీటీఎంకి నెల్లూరులోనే క్యాంపస్ ఉంది. బీకాం చేసినవాళ్ళు అకౌంట్స్ వైపు నుంచి, ఎలక్ట్రికల్ డిప్లొమా వాళ్ళు మెయింటెనెన్స్ వైపు నుంచి వచ్చి మేనేజర్లయ్యారు. నన్నడిగితే డిప్లొమా వాళ్ళే ఈ పనికి ఎక్కువ పనికొస్తారు, ఎందుకో కింద తెలుస్తుంది.

డిగ్రీ కంటే ముందు తమిళం. చదవడం రాయడం ఆర్నెల్ల తర్వాత చూసుకోవచ్చు, మాట్లాడటం మాత్రం వెంటనే రావాలి. ఎలక్ట్రీషియన్‌ని రాత్రి పదకొండుకి "అణ్ణే, కొంచెం వాంగ" (అన్నా, కాస్త రండి) అని పిలిస్తే వచ్చే తీరు వేరు, ఇంగ్లీషులో మెసేజ్ పెడితే వచ్చే తీరు వేరు. కుర్చీలు మోసేవాళ్ళలో, స్టాళ్ళు కట్టేవాళ్ళలో ఇప్పుడు బిహార్, ఒడిశా కుర్రాళ్ళు ఎక్కువ, కాబట్టి పనికి సరిపడా హిందీ కూడా కావాలి.

భవనాన్ని చేతి రేఖల్లా తెలుసుకోండి

ఉద్యోగంలో చేరిన మొదటి వారం అతిథుల జోలికి పోకండి. ఒక నోటు పుస్తకం, ఒక టేపు పట్టుకుని హాలు మొత్తం తిరగండి. సరుకు దింపే వెనక గేటు వెడల్పెంత, ఎత్తెంత? పెద్ద లారీ లోపలికి వచ్చి తిరగగలదా, రివర్స్‌లోనే రావాలా? పగలు భారీ వాహనాలను సిటీలోకి వదలని వేళలు ఏవి? స్టేజీ సామాను రాత్రి దిగాలా పొద్దునా అనేది ఈ జవాబుల మీదే ఆధారపడుతుంది.

తర్వాత కరెంటు. ఈబీ (కరెంటు బోర్డు) లోడు ఎంత మంజూరైంది, జనరేటర్ ఎన్ని కేవీఏ, ఈబీ పోయాక జనరేటర్ అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, ఆ జనరేటర్ ఏసీని కూడా లాగుతుందా, ఒట్టి లైట్లనేనా? ఎల్ఈడీ గోడ పెట్టేవాళ్ళు, సౌండు వాళ్ళు, కాఫీ యంత్రాల వాళ్ళు ఎవరికి వారు "మాది కొంచెమే సార్" అంటారు. అందరి దగ్గరా కాగితం మీద కిలోవాట్లలో రాయించుకుని మీరే కూడండి. ఒకే ఫేజు మీద అందరూ పడకుండా పంచడం ఎలక్ట్రీషియన్ పనే. పంచాడో లేదో చూడటం మీ పని.

2004 జనవరి 23న శ్రీరంగంలో పెళ్ళిమండపం కాలిపోయింది. వీడియో తీసేవాళ్ళ లైటు తీగ నుంచి నిప్పు రేగి పందిరికి అంటుకుంది. పెళ్ళికొడుకుతో సహా యాభైమందికి పైగా చనిపోయారు. బయటి నుంచి వచ్చిన కెమెరా వాళ్ళ వైరు అతుకులు చూడటం తన పని కాదనుకునే మేనేజర్ ఎవరైనా ఉంటే ఆ రోజు వార్తలు ఒకసారి చదవాలి. బయటివాళ్ళ వైరు ఏదైనా మీ ఎలక్ట్రీషియన్ చూసి టేపు అంటించాకే ప్లగ్గులో పెట్టాలన్న నియమం పెట్టుకోండి. గొణుక్కుంటారు, గొణుక్కోనివ్వండి.

చెన్నైలో ఇంకో రెండు విషయాలు ప్రత్యేకం. ఒకటి నీళ్ళు. 2019 వేసవిలో చెరువులన్నీ ఎండిపోయి ఊరంతా లారీ నీళ్ళ మీద బతికింది. వెయ్యిమంది భోంచేసే పెళ్ళికి సంపు ఎన్ని గంటలు వస్తుందో, లారీవాడు ఎన్ని గంటల్లో వస్తాడో మీకు నోటికి తెలియాలి. రెండోది సముద్రపు గాలి. ఈసీఆర్ (సముద్రం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు హాళ్ళలో బోల్టులు, ట్రస్సులు (బరువు మోసే లోహపు చట్రాలు), ఏసీ బయటి యూనిట్లు త్వరగా తుప్పు పడతాయి. పైకప్పు నుంచి ఏదైనా వేలాడదీస్తామంటే ఆ హుక్కు ఎంత బరువు మోస్తుందో ఇంజనీర్ సంతకంతో కాగితం ఉండాలి. "పోయినసారి కూడా ఇక్కడే కట్టాం" అనేది కాగితం కాదు.

ఎంతమంది పడతారు: లెక్క మీరే వేయండి

ఈ పనిలో అన్నిటికంటే విలువైన నైపుణ్యం ఇదే, అన్నిటికంటే తక్కువమందికి వచ్చింది కూడా ఇదే. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం కుర్చీలు వేసి కూర్చోబెట్టే సభకి మనిషికి 0.65 చదరపు మీటర్లు, బల్లలు వేసి భోజనం పెట్టే చోట 1.8 చదరపు మీటర్లు లెక్కగట్టాలి.

మీ హాలు వెయ్యి చదరపు మీటర్లు అనుకోండి. స్టేజీ, సౌండు బల్ల, నడిచే దారులు, బఫే బల్లలు అన్నీ తీసేస్తే ఏడు వందలు మిగిలాయి. సభకైతే 700ని 0.65తో భాగిస్తే 1,076. గుండ్రటి బల్లల డిన్నర్‌కైతే 700ని 1.8తో భాగిస్తే 388. ఒకే హాలు, ఒకే రోజు, లెక్క మాత్రం సగానికి పైగా పడిపోయింది. సేల్స్ కుర్రాడు ఫోన్లో "వెయ్యిమంది పడతారు సార్" అనేసి ఉంటాడు. ఏ అమరికలో వెయ్యి అన్నది చెప్పడు. అందుకే ప్రతి హాలుకీ మూడు నాలుగు అమరికల ప్లాన్లు గీయించి, ఒక్కోదాని కింద అంకె రాసి, సేల్స్ వాళ్ళ బల్ల మీద అంటించండి. ఆ అంకె దాటి బుకింగ్ తీసుకుంటే మీ సంతకం ఉండదని ముందే చెప్పండి.

ఇది పైకి కనిపించే లెక్క. అసలు లెక్క తలుపులది. నాలుగు తలుపులున్న హాల్లో ఒక తలుపుకి అడ్డంగా డెకరేషన్ వాళ్ళు పూల గోడ పెడితే మీ సంఖ్య అక్కడికక్కడే తగ్గిపోయింది. ఫొటోలకి బాగుంటుందని బయటికి వెళ్ళే దారి బోర్డుని తెరతో కప్పేస్తారు. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది పోయింది మంటలకి కాలి కాదు, దారి దొరక్క పొగలో చిక్కుకుని. కాబట్టి జనం రావడానికి గంట ముందు ప్రతి తలుపునీ మీ చేత్తో తోసి చూడండి, వేరేవాళ్ళని పంపకండి. జనసమ్మర్దం గురించి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఎన్‌డీఎంఏ 2014లో ఒక మార్గదర్శి వేసింది. దొరకబుచ్చుకుని చదవండి, ఇంటర్వ్యూలో కూడా పనికొస్తుంది.

క్యాలెండర్: తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక మేలు

తమిళుల ఆడి నెల జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. ఆ నెలలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేయరు, మండపాలు ఈగలు తోలుకుంటాయి. వాళ్ళది సౌరమానం, మనది చాంద్రమానం కదా. చాలా ఏళ్ళలో మన ఆషాఢం ఆడి కంటే ముందే మొదలై ముందే అయిపోతుంది. 2025నే చూడండి: జులై 24తో ఆషాఢం ముగిసి 25 నుంచి శ్రావణం వచ్చింది, ఆడి మాత్రం ఆగస్టు మధ్య దాకా సాగింది. అంటే మూడు వారాలు తమిళ పార్టీలు లేక ఖాళీగా ఉన్న మండపాలకి తెలుగు పెళ్ళిళ్ళు దొరికే అవకాశం. ఆడి రేటు చెప్పి నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట, పుత్తూరు పురోహితులతో, క్యాటరర్లతో ముందే మాట్లాడిపెట్టుకున్న మేనేజర్‌కి ఆ మూడు వారాలూ ఉత్తపుణ్యానికి పోవు. అయితే పంచాంగం చూడకుండా ఏటా ఇదే పాట పాడకండి. అధికమాసం వస్తే లెక్క మారుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల ఆషాఢం వెనక్కి జరిగి దాదాపు ఆడితోనే కలిసిపోతుంది, ఆ ఏడు ఈ కిటుకు పారదు.

మార్గళి, అంటే మన ధనుర్మాసం, రెండు వైపులా పెళ్ళిళ్ళు లేని నెల. కానీ సభలకి అదే పండగ. డిసెంబర్ సంగీత సీజన్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కచేరీలు, బయట క్యాంటీన్‌లో క్యూలు. మండపం ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఆ నెలని మరమ్మతులకు, రంగులకు, ఏసీ సర్వీసుకు వాడుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా కంపెనీ సమావేశాలు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లో ఈశాన్య రుతుపవనాలు. 2015 డిసెంబర్ వరదలు, 2023 డిసెంబర్ మిచౌంగ్ తుపాను చూసినవాళ్ళెవరూ ఆ నెలల్లో పచ్చిక మైదానాన్ని ఒంటరిగా అమ్మరు. లోపల ఒక చిన్న హాలైనా జతచేసి, వాన పడితే ఏ సమయానికి లోపలికి మార్చాలో ఒప్పందంలోనే రాస్తారు.

తేదీని పట్టి ఉంచమని అడిగేవాళ్ళు రోజూ వస్తారు. నోటిమాట మీద పట్టి ఉంచవద్దు. రిజిస్టరులో పెన్సిల్‌తో రాసి, గడువు తేదీ పక్కనే వేసి, గడువుకి ముందు రోజు ఫోన్ చేయండి. అడ్వాన్స్ బ్యాంకులో పడ్డాకే పెన్నుతో రాయాలి. సాఫ్ట్‌వేర్ ఉన్నా ఈ క్రమం మారదు.

ఒప్పందం, డబ్బు

"ఒక రోజు అద్దె" అంటే ఏ గంట నుంచి ఏ గంట దాకా? గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. తమిళ పెళ్ళిలో ముందు రోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు పొద్దున్నే ముహూర్తం, మధ్యాహ్నానికి ఖాళీ. మనవాళ్ళకి ముహూర్తం రాత్రి రెండున్నరకి ఉంటుంది, భోజనాలు అంతకుముందే అయిపోతాయి, అప్పగింతలు తెల్లారాక. తమిళ లెక్కలో రాసిన ఒప్పందం తెలుగు పెళ్ళికి సరిపోదు. సిబ్బంది షిఫ్టులు కూడా అంతే.

నెల్లూరు పెద్దాయన ఒకరు బుకింగ్ బల్ల ముందు కూర్చుని అడిగే మాట ఇలా ఉంటుంది: "ఏం అబ్బాయా, పదింటికి మైకు ఆపాలంటివి. ముహూర్తం రెండున్నరకి గదా, మేళం లేకుండా తాళి ఎట్ట కట్టేది?"

"మేళం ఉంటుంది పెద్దయ్యగారూ. హాలు లోపల, తలుపులు వేసి, హాల్లోవాళ్ళకి వినపడేంత వరకే. బయట పందిట్లో స్పీకర్లు, వీధిలో బాజాలు మాత్రం పదింటికి ఆగాలి."

ఇలా చెప్పాలంటే నిబంధన మీకు తెలిసి ఉండాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు, వాయిద్యాలు కూడదు. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు లాంటి మూసిన చోట్ల లోపలివాళ్ళ కోసం వాడుకోవడానికి మినహాయింపు ఉంది. "రూల్స్ ఒప్పుకోవండీ" అని తోసేసే మేనేజర్ దగ్గర నుంచి పార్టీ పక్క మండపానికి పోతుంది.

హాలు అద్దె మీద జీఎస్టీ 18 శాతం. కంపెనీలకు ఇక్కడొక చిక్కు ఉంది. హాలు తమిళనాడులో ఉంది కనుక పన్ను తమిళనాడు లెక్కలోకే వెళ్తుంది. హైదరాబాద్ కంపెనీకి తెలంగాణ రిజిస్ట్రేషన్ మాత్రమే ఉంటే ఆ పన్నుని క్రెడిట్‌గా తీసుకోలేదు, అంటే తను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేదు. కార్యక్రమం అయిపోయాక వాళ్ళ అకౌంట్స్ వాళ్ళు "బిల్లు మార్చి ఇవ్వండి" అని నెలల తరబడి వెంటపడతారు. కొటేషన్‌లోనే ఈ ముక్క ఒక లైనులో రాసెయ్యండి. టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసుకుంటారా, కోసుకుని ఎంత పంపుతారు అనేది కూడా అప్పుడే తేలాలి. డ్యామేజీ డిపాజిట్, క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగిస్తారు, గంట ఆలస్యానికి ఎంత, బయటి క్యాటరర్‌ని రానిస్తారా, గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెట్టాలి: ఇవన్నీ పార్టీతో చదివించి సంతకం తీసుకోండి. పెళ్ళివారైతే చదివి వినిపించండి.

అనుమతులు

జాబితా ఊరికో రకం, హాలుకో రకం. కొన్ని మాత్రం ఎప్పుడూ గుర్తుండాలి. భవనానికి లైసెన్సు, అగ్నిమాపక శాఖ కాగితం గడువు తీరలేదని ఏడాదికి రెండుసార్లు చూసుకోండి. పెద్ద కార్యక్రమానికి పోలీసు అనుమతి కావాలి. ఏ కమిషనరేట్ అన్నది ముందు తెలుసుకోండి: 2022 జనవరి నుంచి తాంబరం, ఆవడి వేరే కమిషనరేట్లయ్యాయి. ఈసీఆర్‌లో పనైయూర్ దగ్గర కచేరీ పెట్టుకుని చెన్నై కమిషనర్ ఆఫీసు చుట్టూ తిరిగితే వారం పోయినట్టే.

పాటల హక్కుల సంగతి చాలామంది ఈవెంట్ వాళ్ళ తలనొప్పి అనుకుంటారు. కాపీరైట్ చట్టంలో, లాభం కోసం తన స్థలాన్ని లైసెన్సు లేని పాటల ప్రదర్శనకి ఇచ్చినవాళ్ళ మీద కూడా బాధ్యత పెట్టారు. పెళ్ళికీ, పెళ్ళికి సంబంధించిన వేడుకలకీ మినహాయింపు ఉంది. కంపెనీ పార్టీకి, న్యూ ఇయర్ నైట్‌కి లేదు. లైసెన్సు కాపీ మీ ఫైల్లో పడకుండా మైకు ఆన్ చేయనివ్వకండి.

మందు గురించి అడుగుతారు, తప్పదు. 2023లో తమిళనాడు ప్రభుత్వం హాళ్ళలో మద్యానికి ప్రత్యేక లైసెన్సు ఇస్తామంటూ మొదట పెళ్ళిమండపాలను కూడా చేర్చింది, గోల లేచాక వాటిని తీసేసి అంతర్జాతీయ, జాతీయ స్థాయి కార్యక్రమాల వరకే ఉంచింది. నిబంధనలు మారుతుంటాయి కనుక ప్రతిసారీ ఎక్సైజ్ ఆఫీసులో కనుక్కోండి. పార్టీవాళ్ళు "అంతా చూసుకుంటాం" అంటే నమ్మకండి.

ఆ రోజు

ముందు రోజే ఒక ఫంక్షన్ షీటు తయారు కావాలి. ఒకటే పేజీ. ఏ హాలు, ఏ అమరిక, ఎంతమంది, తలుపులు తీసే వేళ, ఏసీ మొదలుపెట్టే వేళ, టిఫిను, భోజనం, కరెంటు లోడు, సరుకు లారీల టైములు, పార్టీ తరఫున ఒకే ఒక్క మనిషి పేరు, ఫోన్ నంబరు. ఆ ఒకే ఒక్క మనిషి ముఖ్యం. లేకపోతే పెళ్ళికొడుకు బాబాయి ఒకటి చెప్తాడు, మేనమామ ఇంకోటి చెప్తాడు, బిల్లు దగ్గర ఇద్దరూ కనపడరు. షీటు కాపీ సెక్యూరిటీకి, ఎలక్ట్రీషియన్‌కి, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌కి, క్యాటరర్‌కి అందాలి.

హాలు జనంతో నిండాక చల్లబడదు, నిండకముందే చల్లబరచాలి. ఆడవాళ్ళ టాయిలెట్ల దగ్గర విరామంలో క్యూ ఎక్కడిదాకా పోతుందో చూడండి. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం స్టేజీ గురించి కాదు, టాయిలెట్లు, పార్కింగ్, భోజనం గురించే.

జనం రావడం మీద అందరూ కన్నేసి ఉంచుతారు, వెళ్ళడం గురించి ఎవరూ ఆలోచించరు. రావడం రెండు గంటల పాటు మెల్లగా సాగుతుంది, వెళ్ళడం మాత్రం అందరిదీ ఒకేసారి. 2024 అక్టోబర్ 6న మెరీనాలో వాయుసేన విన్యాసాలు చూడటానికి లక్షల్లో వచ్చారు. ఎండలో, తిరుగు ప్రయాణపు రద్దీలో అల్లాడిపోయారు, ఆ రోజు ఐదుగురు చనిపోయారు. అంతకుముందు ఏడాది సెప్టెంబర్ 10న పనైయూర్‌లో ఏ.ఆర్. రెహమాన్ కచేరీకి టికెట్లు కొన్నవాళ్ళలో చాలామంది లోపలికే రాలేకపోయారు, ఈసీఆర్ మొత్తం స్తంభించింది. రెండూ ఆరుబయట జరిగినవే అయినా పాఠం నాలుగు గోడల హాలుకి కూడా సరిపోతుంది. కార్యక్రమం అయ్యే వేళకి మెట్రో, బస్సు, పార్కింగ్ బయటి దారి ఎంతమందిని మింగగలవో లెక్కేసి, మిగిలినవాళ్ళని ఇంకో అరగంట లోపలే ఉంచే ఉపాయం చూడండి. కాఫీ కౌంటర్ ఆలస్యంగా మూయడం, చివర్లో చిన్న వాద్య కచేరీ, ఏదైనా సరే. గేటు దగ్గర తాగునీళ్ళు మాత్రం ఎంత ఉన్నా ఎక్కువ కాదు.

ఆపాల్సి వస్తే ఎవరు ఆపాలి? ఈ ప్రశ్నకి జవాబు ఒక పేరు రూపంలో ముందే రాసి ఉండాలి. గాలివాన వస్తోంది, మంత్రిగారు ఇంకా మాట్లాడుతున్నారు. ఆ క్షణంలో కమిటీ వేసి చర్చించే సమయం ఉండదు.

ఖాళీ చేయించి లెక్క తేల్చడం

ఎగ్జిబిషన్ ఎలా కడతారో చూడటానికి అందరూ మొదటి రోజు వెళ్తారు. మీరు ఆఖరి రోజు సాయంత్రం వెళ్ళండి. రెండు మూడు రోజులు కట్టిన స్టాళ్ళు ఒక రాత్రిలో ఊడతాయి. ఎవరి లారీ ముందు అనే పోట్లాట, చేతికి తగిలే మేకులు, చిరిగిన కార్పెట్, దొంగతనాలు అన్నీ అప్పుడే. బయటికి పోయే ప్రతి సరుకుకీ గేట్ పాస్ ఉండాలి. లారీలకి టోకెన్ నంబర్లు ఇచ్చి వరసలో పిలవాలి. హాలు అప్పగించేటప్పుడు తీసిన ఫొటోలు, తిరిగి తీసుకునేటప్పుడు తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టి, పార్టీ మనిషి అక్కడుండగానే డ్యామేజీ రాయండి. మర్నాడు ఫోన్‌లో చెబితే ఒక్క రూపాయి రాదు.

ఉద్యోగం వెతకడం, పైకి రావడం

చేరేముందు చెయ్యి తిరగడానికి జనవరి పుస్తక ప్రదర్శనలో ఏదో ఒక స్టాల్లో కుదురుకోండి, సీజన్లో ఏదైనా సభలో వాలంటీరుగా చేరండి. తెలుగు సంఘాల ఉగాది కార్యక్రమానికి హాలు ఏర్పాట్లు నెత్తినేసుకోండి, వాటికి ఎప్పుడూ మనుషులు తక్కువే. రెజ్యూమేలో "మంచి కమ్యూనికేషన్ స్కిల్స్" అని రాసే బదులు "600 మంది కార్యక్రమానికి కుర్చీల ప్లాను గీశాను, లారీల టైములు చూసుకున్నాను" అని రాయండి, చేసి ఉంటేనే.

ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్, డ్యూటీ మేనేజర్, అసిస్టెంట్ మేనేజర్, ఆపరేషన్స్ హెడ్: ఈ వరసలో పైకి పోతారు. సేల్స్ వైపు జీతం త్వరగా పెరుగుతుంది, కానీ జనరల్ మేనేజర్ కుర్చీకి రెండు వైపులా తెలిసినవాళ్ళే వెళ్తారు. నాలుగైదేళ్ళ తర్వాత ఊరు మారడానికి భయపడకండి. బెంగళూరు తుమకూరు రోడ్డులో యంత్ర పరికరాల తయారీదారుల సంఘం నడిపే ఎగ్జిబిషన్ సెంటర్ బీఐఈసీకి 2024 నవంబర్ నుంచి మెట్రో కూడా పోతోంది. హైదరాబాద్‌లో హైటెక్స్, హెచ్ఐసీసీ లాంటి పెద్ద సెంటర్లు ఉన్నాయి, అక్కడ మన భాషే సగం అర్హత. అనుభవం వచ్చాక సీఎంపీ (సర్టిఫైడ్ మీటింగ్ ప్రొఫెషనల్) పరీక్ష రాయవచ్చు. వేదికల మేనేజర్ల అంతర్జాతీయ సంఘం ఐఏవీఎం ఇచ్చే సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి, విదేశీ కంపెనీ నడిపే సెంటర్లలో వాటికి విలువ. మొదటి రెండేళ్ళలో వాటి మీద డబ్బు పోయవద్దు.

ఇంటర్వ్యూకి పిలిస్తే గంట ముందు వెళ్ళి హాలు చుట్టూ ఒక తిరుగు తిరగండి. ఏ తలుపుకి తాళం వేసి ఉంది, ఏ దారికి కుర్చీలు అడ్డం పేర్చారు అన్నది చూసుకుని, అడిగితే మర్యాదగా చెప్పండి. వాళ్ళు మిమ్మల్ని అడగడం అయ్యాక మీరు కూడా అడగండి: చివరిసారి ఫైర్ డ్రిల్ ఎప్పుడు చేశారు, బుకింగ్ కాదనే అధికారం ఆపరేషన్స్‌కి ఉందా, శని ఆదివారాలు పని కనుక వారం సెలవు ఏ రోజు, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, రాత్రి ఒంటిగంటకి పని ముగిస్తే ఇంటికి బండి ఇస్తారా. ఆఖరి ప్రశ్న ఆడపిల్లలు మరీ ముఖ్యంగా అడగాలి, జవాబు అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాయించుకోవాలి.